తోడని చెలిమె

ఒక మాట చాలా ఏళ్ళుగా నాలో ఉంది. దాన్ని మోస్తున్నాను అనాలో, దాచుకున్నాను అనాలో తెలియదు. బరువు మోసేవాళ్ళు ఎక్కడో ఒకచోట దించి సేద తీరుతారు. నేను దించలేదు. ఒక చెయ్యి వేయమని ఎవరినీ అడగలేదు.

ముందే ఎందుకు రాయలేదంటే, నాకు అక్షరాలు రావు. మా చిన్నతనంలో బోథ్ వైపు పల్లెల్లో ఆడపిల్లకు బడి ఎక్కడిది? మగపిల్లలకు ఉన్న బడి కూడా మా ఇళ్ళలో మాట్లాడని ఉర్దూలో నడిచేది. జుట్టు నెరిశాక, మా ఊరి పంచాయతీ గదిలో పంతులుగారి భార్య సాయంత్రాలు పెద్దవాళ్ళకు చదువు చెబుతానంటే, పలకను కొంగు చాటున పెట్టుకుని వెళ్ళాను. రోకలి పట్టిన చేతిలో బలపం నిలవదు. చాలా కాలం పట్టింది. ఇప్పుడు రాయగలను, ఒక్కో మాట దగ్గర ఆగి ఆగి.

అక్షరాలు రాకపోతే ఇంకొకరి చేత రాయించవచ్చు కదా అంటారు. రాయించాలంటే ముందు వాళ్ళకు చెప్పాలి. చెప్పే ధైర్యమే ఉంటే రాయించడం దేనికి? లచ్చవ్వకే చెప్పేదాన్ని. మా రెండు ఇళ్ళకు మధ్య ఒక దడి మాత్రమే ఉండేది.

లచ్చవ్వ ఇప్పుడు లేదు. పోయిన ఎండాకాలంలో పోయింది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు మంచిదైంది. అందుకే మీకు చెబుతున్నాను.

లచ్చవ్వా నేనూ గోదావరి ఒడ్డున ఒక బంగ్లాలో పనిచేసేవాళ్ళం. లక్సెట్టిపేట నుంచి బండిబాట పట్టి వస్తే, మోదుగ చెట్లు దాటాక, ఒక్కసారిగా నది, నది పక్కన ఆ తెల్లటి ఇల్లు. ఎవరో దొర వేటకు వచ్చినప్పుడు ఉండడానికి కట్టించుకున్నాడు. పోలీసు యాక్షన్ తర్వాత ఆయన హైదరాబాదులోనే ఉండిపోయాడు. “దొర భయపడ్డడు గని, పులులకు పండుగైంది” అనేది లచ్చవ్వ. ఇల్లు ఊరికే పాడుబడటం ఎందుకని, ఆయన మనుషులు దాన్ని గుంపులుగా వచ్చేవాళ్ళకు ఇవ్వడం మొదలుపెట్టారు. మంచిర్యాల స్టేషన్‌లో రైలు దిగి, బండ్లు కట్టించుకుని వచ్చేవారు. నాలుగైదు కుటుంబాలు కలిసి వచ్చేవి. ఒకసారి కాలేజీ ఆడపిల్లలు వచ్చారు. ఒకసారి పెళ్ళివారు వచ్చి, వెళ్ళడం మరచిపోయినట్టు ఉండిపోయారు. ఎవరొచ్చినా మేము ‘పార్టీ’ అనేవాళ్ళం. బంగ్లా చూసుకునే సాయన్న బావ గేటు దగ్గర నుంచి “పార్టీ వస్తున్నది” అని కేక వేస్తే, మంచాలు దులిపి, బొంతలు ఎండకు వేసి, కందీళ్ళ గాజు బుగ్గలు బూడిదతో తోమి, పెద్ద హాల్లో నుంచి గబ్బిలాలను తరిమేవాళ్ళం. హాల్లో గోడ నిండా దుప్పి కొమ్ములు ఉండేవి. పట్నం నుంచి వచ్చినవాళ్ళు మొదటి రోజు వాటిని చూసి భయపడేవారు. రెండో రోజు వాటికే తడి తువ్వాళ్ళు ఆరేసేవారు.

నాకు ఆ ఇల్లంటే చాలా ఇష్టం. ఈ మాట ముందే చెప్పాలి. భర్త పోయి, చంకలో కొడుకుతో, ఎవరూ తెలియని చోటికి వచ్చిన నాకు, ప్రతి కొన్ని రోజులకూ నిండి ఖాళీ అయ్యే ఆ ఇల్లే చుట్టాలిల్లు. వరండాలో వరసగా వేసిన మంచాల మీద అక్కాచెల్లెళ్ళు, వదినా మరదళ్ళు పడుకుని నవ్వుకుంటుంటే, వంటింట్లో ఉన్న నాకు ఎందుకో తెలియకుండానే నవ్వు వచ్చేది.

లచ్చవ్వ ఆ ఒడ్డునే పుట్టింది. నాకంటే చిన్నది. ఇసుకలో నా కాళ్ళు కూరుకుపోయేవి, ఆమె నేల మీద నడిచినట్టే నడిచేది. వచ్చిన ప్రతి పార్టీకి పేరు పెట్టేది. మీసాల పార్టీ, దగ్గుల పార్టీ, అలిగే పార్టీ. బండి దిగగానే సామాను కూడా దించకుండా నది ఇసుకలోకి పరుగెత్తే పట్నంవాళ్ళను చూసి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడేది. “ఇసుక మీద గంత పావురమేందే అక్కా వీళ్ళకు? మూట కట్టి ఇస్తే తీస్కపోతరా?” అనేది. మా వైపు ప్రేమను పావురం అంటారు. ఆమెకు అందరి మీదా పావురమే. నేను కొత్తగా వచ్చినప్పుడు, నా రొట్టె మాడిపోతే, తన రొట్టె విరిచి సగం నా చేతిలో పెట్టి, “మాడింది నాకియ్యి, నాకు గదే ఇష్టం” అంది. ఎవరికైనా మాడిన రొట్టె ఇష్టం ఉంటుందా? ఆ మాట నేను చాలా రోజులు నమ్మాను.

బంగ్లా బావి నీళ్ళు ఉప్పన. స్నానాలకు, అంట్లకు వాటినే వాడేవాళ్ళం. తాగడానికి గోదావరి చెలిమె నీళ్ళే. ఎండాకాలంలో నది సన్నబడి అవతలి ఒడ్డుకు పోతుంది. ఇటువైపు ఇసుకలో గుంత తీస్తే నీళ్ళు ఊరుతాయి. ఆ గుంతే చెలిమె. రాత్రంతా అందులో నిలిచిన నీళ్ళు తాగడానికి పనికిరావు. సాయంత్రం చెలిమె మీద ముళ్ళకంప కప్పి రావాలి, కుక్కలు, బర్రెలు మూతి పెట్టకుండా. పొద్దున కంప తీసి, నిలిచిన నీళ్ళన్నీ సొరకాయ బుర్రతో తోడి దూరంగా పారబోయాలి. అడుగున ఇసుక చేతికి తగిలేదాకా తోడాలి. అప్పుడు కొత్త ఊట వస్తుంది. అది తేటపడేదాకా ఓపికగా కూర్చుని ముంచుకోవాలి. ఇదంతా నాకు చూపించింది లచ్చవ్వే. మా మెట్ట ఊళ్ళో బావిలో చేద వేస్తే నీళ్ళు వచ్చేవి. నీళ్ళ కోసం కూర్చోవాలని నాకేం తెలుసు? ఒకరోజు నేను, ఒకరోజు ఆమె వెళ్ళేవాళ్ళం.

ఆ ఏడు వచ్చిన పార్టీ ప్రతి ఎండాకాలం వచ్చేవాళ్ళే. హైదరాబాదులో వకీలు గారి కుటుంబం, వాళ్ళ అన్నదమ్ములు, పిల్లలు. ఇంటికి పెద్ద వకీలు గారి తల్లి. మేము పెద్దమ్మగారు అనేవాళ్ళం. ఆమె మునిమనవరాలు చిన్ని, పళ్ళు ఊడుతున్న వయసు. బండి దిగింది మొదలు లచ్చవ్వ కొంగు వదిలేది కాదు.

“లచ్చవ్వా, గోదాట్ల మొసలుంటదా?”

“ఉంటది బిడ్డా.”

“ఏడుంటది?”

“ఇప్పుడా? ఇప్పుడు మీ తాత మంచం కిందున్నది. గురక ఇనబడ్తలేదా?”

చిన్ని నిజంగానే వంగి మంచం కింద చూసింది. పెద్దమ్మగారు నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ ఇంటి అల్లుడొకాయన కెమెరా తెచ్చాడు. రేపు పొద్దున ఎండ ముదరకముందే బంగ్లా ముందు అందరికీ ఫోటో అన్నాడు. నన్ను, లచ్చవ్వను కూడా నిలబడమన్నాడు. నేను అంతకుముందు ఎప్పుడూ ఫోటో దిగలేదు. నా భర్తకూ ఫోటో లేదు. అప్పటికే ఆయన ముఖం నాకు సరిగా గుర్తుకు రావడం మానేసింది. నా కొడుక్కి తండ్రి ముఖం ఎలాగూ లేదు, తల్లి ముఖమైనా మిగలాలనుకున్నాను.

ఇలా రాస్తే కారణం గొప్పగా కనిపిస్తోంది. చెరిపేయనా అనిపిస్తోంది. నిజం చెప్పాలంటే, ఫోటోలో నేను బాగా కనబడాలనుకున్నాను. ఎర్ర అంచు చీర పెట్టె అడుగు నుంచి తీసి, మడతలు పోవాలని రాత్రి తల కింద పెట్టుకుని పడుకున్నాను. అంతే.

పొద్దున నీళ్ళ వంతు నాది. లేచేసరికి ఆలస్యమైంది. బిందె తీసుకుని పరుగెత్తాను. చెలిమె దగ్గరికి వెళ్ళేసరికి కంప పక్కకు జరిగి ఉంది. ఇసుకలో బర్రె గిట్టల గుర్తులు ఉన్నాయి. ముందురోజు సాయంత్రం పిల్లలు అక్కడే ఆడుకుని కాళ్ళు కడుక్కున్నారు, అది కూడా నాకు తెలుసు. నీళ్ళు పైకి తేటగానే ఉన్నాయి. తోడి, ఊట కోసం కూర్చుంటే ఎండ ఎక్కుతుంది. ఫోటో అయిపోతుంది.

చూశాను. చూడలేదని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. జరిగిన కంపను, గిట్టల గుర్తులను చూశాను. చూసి ముంచుకున్నాను.

మళ్ళీ వెళ్ళి ఇంకో బిందె కూడా అలాగే తెచ్చి, వరండాలో పిల్లలు ముంచుకు తాగే మట్టి రంజన్లు నింపాను. చీర మార్చుకున్నాను. ఫోటోకు నిలబడ్డాను. లచ్చవ్వ నా పక్కన నిలబడి, “అక్కా, గా డబ్బా దిక్కు చూడు. లేకుంటే నీ ముక్కొక్కటే పడ్తది” అని చెవిలో అంది. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

మధ్యాహ్నం వంటకు నీళ్ళు చాలలేదు. నా వంతే. నేను పొయ్యి దగ్గర చెమటతో తడిసి ఉన్నాను. లచ్చవ్వ నన్ను చూసి, కాళ్ళకు మోదుగాకులు కట్టుకుని, నిప్పుల్లాంటి ఇసుకలో వెళ్ళి ఒక బిందె తెచ్చింది. వంటింటి గడపలో దించి, కాళ్ళు బావి నీళ్ళలో పెట్టుకోవడానికి పరుగెత్తింది. ఆ బిందె నేనే ఎత్తి గుండిగలో పోశాను. దానితోనే అన్నం వండాను. రంజన్లలో పోయలేదు. రంజన్లలో ఉన్నవి పొద్దున నేను తెచ్చినవే. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

పొద్దు వాలేసరికి చిన్నికి వాంతులు మొదలయ్యాయి. తర్వాత ఇంకో ఇద్దరు పిల్లలకు. ఎవరో “గత్తర” అన్నారు. గత్తర అంటే కలరా. ఆ మాట వింటే మా వైపు ఊళ్ళు ఖాళీ చేసి పోతారు. చిన్ని కళ్ళు లోపలికి పోయాయి. పిలిస్తే పలకలేదు. లక్సెట్టిపేట నుంచి డాక్టరును తేవడానికి బండి వెళ్ళింది. బండి తిరిగి వస్తున్న చప్పుడు వినబడగానే నేనేం చేశానో తెలుసా? రంజన్లలో మిగిలిన నీళ్ళు తీసుకెళ్ళి పెరట్లో బొప్పాయి చెట్టు మొదట్లో పారబోశాను. ఎవరూ చెప్పలేదు. చేతులు వాటంతట అవే చేశాయి అనాలని ఉంది. కాదు. నేనే చేశాను.

డాక్టరు పిల్లలకు మందిచ్చి, ఇది నీళ్ళ వల్ల వచ్చింది అన్నాడు. పెద్దమ్మగారు మమ్మల్నిద్దరినీ పిలిచింది. ఆమె ఒళ్ళో చిన్ని తల ఉంది.

“ఇయ్యాల నీళ్ళెవరు తెచ్చిన్రు?”

నేను నోరు తెరిచేలోపే లచ్చవ్వ చెప్పింది. “ఇద్దరం తెచ్చినమమ్మా. పొద్దుగాల అక్క, పగటీలి నేను.”

“పిల్లలు తాగినయి ఏ నీళ్ళు?”

ఇది నన్నడిగింది. రంజన్లు నింపేది నేనే కాబట్టి.

“పొద్దుటియి ఎప్పుడో ఒడిసినయమ్మా,” అన్నాను. “తర్వాత తెచ్చినయే పోసిన.”

అంత చిన్న మాట. నా గొంతు వణకలేదు. అది నాకింకా ఆశ్చర్యంగానే ఉంది.

డాక్టరు లచ్చవ్వ వైపు తిరిగాడు. “చెలిమె మంచిగ తోడినవా?”

“తోడిన సారూ.”

“అడుగుదాక?”

ఆమె ఆగింది. అబద్ధం రాని మనిషి ఆలోచించడానికి ఆగింది. “తోడిననే అనుకుంట సారూ. కాళ్ళు కాల్తుండె...” అంది.

చాలు. అందరికీ అది చాలింది. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సాయన్న బావ మాత్రం నేల చూస్తూ, “రేపటి సంది నువ్వు తాగే నీళ్ళు ముట్టకు లచ్చవ్వా. ఊడ్సుడు, తోముడు చూస్కో” అన్నాడు.

తర్వాత పెరట్లో, అంట్ల రాయి దగ్గర, ఆమె నన్నడిగింది. నేను ఈ కాగితాల మీద రాయాలనుకున్నది అసలు ఈ మాటలే.

“అక్కా, నేను తోడిన్నంటవా?”

“నాకెట్ల తెలుస్తదే? నేను చూడలే గద.”

“నాలుగు బుర్రలు పోసినట్టు యాదికున్నది. అడుగు చూసిన్నో లేదో యాదికొస్తలేదు. చూసిన్నా అక్కా?”

“ఉరుకులాటల మరిచినవేమో.”

మరిచినవేమో. ఆమె మనసులో ఆ విత్తనం వేసింది డాక్టరు కాదు, పెద్దమ్మగారు కాదు. నేను. అప్పటిదాకా ఆమెకు ఒక అనుమానం. నా మాటతో అది నిజమైంది. ఆమె, “మరిచిన అక్కా. మరిచిన. పిల్లను సంపుదును” అంది.

నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఓదార్చాను కూడా.

పిల్లలు బతికారు. ఆ పార్టీ తర్వాత ఏడు కూడా వచ్చింది. పెద్దమ్మగారు లచ్చవ్వను అదే పావురంతో పలకరించింది. చిన్ని మళ్ళీ ఆమె కొంగు పట్టుకుంది. లోకం మరిచిపోయింది. లచ్చవ్వ మరవలేదు.

ఆ రోజు నుంచి ఆమె ఎవరికీ తన చేత్తో నీళ్ళు ఇవ్వలేదు. ఇంటికి ఎవరైనా వస్తే కాళ్ళకు, తాగడానికి చెంబుతో నీళ్ళివ్వడం మన దగ్గర మొదటి మర్యాద. ఆమె పీట వేసేది, కుండ చూపించేది. “ముంచుకొని తాగున్రి” అనేది. కారణం తెలియనివాళ్ళు, “లచ్చవ్వకు పొగరు. బంగ్లాల పనిజేసి దొరసానైంది” అనేవారు. ఆమె వియ్యపురాలు ఒకసారి అలిగి గడపలో నుంచే వెళ్ళిపోయింది. నాకు జ్వరం వస్తే జావ కాచేది. పిండి కలిపేది, పొయ్యి వెలిగించేది, అప్పుడు దడి మీదుగా నా కొడుకును కేకేసి, “నీళ్ళు పొయ్యి కొడుకా” అనేది. వాడికి అది ఆట. వాడు పరుగెత్తుకుని వెళ్ళేవాడు.

ఆమె కూతురికి పురుడు వచ్చింది. నొప్పులు తగ్గి, బిడ్డను చూసుకుని, ఆ పిల్ల తల్లి వైపు తిరిగి “అవ్వా, నీళ్ళు” అంది. కన్నకూతురు. లచ్చవ్వ చెంబు దగ్గరికి వెళ్ళింది. చెయ్యి చాచింది. మళ్ళీ ముడుచుకుంది. “అక్కా, జర నువ్వియ్యి” అంది.

నేను ఇచ్చాను. నేను ఇచ్చాను! గది నిండా ఆడవాళ్ళు. అప్పుడు చెప్పి ఉంటే? చంటిబిడ్డ ఏడుస్తుంటే ఇప్పుడా అనుకున్నాను. ఎప్పుడూ ఏదో ఒకటి అనుకునేదాన్ని. మొదట్లో బంగ్లాలో పని పోతుందని భయం. కొడుకు పెద్దవాడై నిర్మల్‌లో బొమ్మలకు రంగులు వేసే పనిలో కుదిరాక ఆ భయం పోయింది. అప్పుడు కూడా చెప్పలేదు. అప్పుడు నాకు పోగొట్టుకోవడానికి ఉన్నది లచ్చవ్వ ఒక్కతే. ఆమె పావురం పోతుందని దాచాను. అది నేను దొంగిలించుకున్న పావురమని తెలిసి కూడా.

ఒకసారి చెప్పబోయాను. ఎండాకాలం, గోదావరి ఇసుకలో దోసతీగల మధ్య కూర్చుని ఉన్నాం. “లచ్చవ్వా, గా దినం నీళ్ళు...” అన్నాను. ఆమె వెంటనే నా నోటి మీద చెయ్యి పెట్టింది. “నువ్వొక్కదానివే అక్కా నన్ను ఏనాడు తప్పు పట్టనిది. ఇప్పుడు పట్టకు” అని నవ్వింది. కళ్ళలో నీళ్ళున్నాయి. ఆమె ఊళ్ళో అందరికీ అదే చెప్పేది. మా అక్క బంగారం, ఒక్కనాడు గూడ నన్ను తప్పు పట్టలే, అని. జనం నన్ను మెచ్చుకునేవారు. నేను తల వంచుకునేదాన్ని. దానిని వినయం అనుకునేవారు.

ఆమె నోటి మీద చెయ్యి పెట్టింది కాబట్టి చెప్పలేదని ఇన్నాళ్ళూ సర్ది చెప్పుకున్నాను. ఒక ఆడమనిషి చెయ్యి ఎంతసేపు ఉంటుంది? తీసింది కదా. తీశాక నాకు నోరు లేదా?

పోయిన ఎండాకాలం ఆమెకు జ్వరం వచ్చిందని కబురొచ్చేసరికి నేను నిర్మల్‌లో కొడుకు దగ్గర ఉన్నాను. బస్సు దిగి ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. ముఖం మీద ఆ నవ్వు కొంచెం మిగిలి ఉంది. చివరి నీళ్ళు ఆమె నోట్లో ఎవరు పోశారని నేను అడగలేదు. అడగాలనిపించి కూడా అడగలేదు.

ఆమె బిడ్డకు ఇప్పుడైనా చెప్పవచ్చు. చెబుతాననే అనుకుంటున్నాను. అయినా చెప్పి ఏమిస్తాను? మీ అమ్మ తోడింది, ఆమెకు పొగరు లేదు, ఆమె వల్ల ఎవరికీ ఏమీ కాలేదు అని చెప్పగలను. కానీ ఆ మాట వినవలసిన మనిషి వేరు. క్షమించే అధికారం ఉన్నది కూడా ఆ మనిషికే. అందుకని మిమ్మల్ని క్షమించమని అడగను. నా సంగతి ఇంకొకరికి తెలిసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి నాతో పాటు మరొకరికి తెలిసింది. ఊపిరి కొంచెం లోతుగా దిగుతోంది. అంతకుమించి ఆశించడం లేదు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కలం పక్కన పెట్టేశాను కూడా. ఇంకొకటి మిగిలింది. అబద్ధం ఆడిన రాత్రి కంటే నాకు అదే ఎక్కువ బాధ. ఆ రాత్రి నేను భయంలో ఉన్నాను, పిల్ల చస్తుందేమో అని. మర్నాడు పొద్దున ఆ భయం లేదు.

మర్నాడు పొద్దున చిన్ని కళ్ళు తెరిచి లచ్చవ్వను అడిగింది. డాక్టరు ఇక పరవాలేదు అన్నాడు. కాచిన నీళ్ళే ఇవ్వమన్నాడు. నేను బిందె తీసుకుని నదికి బయలుదేరాను. వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాను. లచ్చవ్వ. వట్టి చేతులతో వస్తోంది. బిందె లేకుండా ఆమె గోదావరికి రావడం నేను అంతకుముందు చూడలేదు.

“నువ్వు తోడు అక్కా. నేను చూస్త,” అంది.

చెలిమె పక్కన గొంతుక్కూర్చుంది. నేను కంప తీశాను. బుర్రతో తోడడం మొదలుపెట్టాను. నా చేతులనే చూస్తోంది, రెప్ప వేయకుండా. ఇసుక మీద మేమిద్దరమే. నది అవతల ఎక్కడో కొంగలు. పిల్ల బతికింది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు ఎవరికిస్తాడు?

“గట్లనా?” అంది.

“గట్లనే.”

“గింత లోతు నేను తోడలేదేమో అక్కా.”

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చెప్పడానికే పట్టుకున్నానని ఒక క్షణం నాకే అనిపించింది. ఆ చేతిని చెలిమెలోకి దించాను. అడుగున చల్లటి ఇసుక తగిలేదాకా నొక్కిపట్టాను.

“ఇగో, గిదాక రావాలె. చేతికి గరుకు తగిలినంక ఆగాలె. గుర్తు పెట్టుకో,” అన్నాను.

“పెట్టుకుంట,” అంది, చిన్నపిల్లలా.

ఊట వచ్చింది. తేటపడింది. బిందె నింపాను. ఎప్పుడూ ఒక చెయ్యి వేసి నా నెత్తి మీదికి ఎత్తే మనిషి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. ముట్టనంది. నేనొక్కదాన్నే ఎత్తుకున్నాను. కొంచెం దూరం నడిచి చూస్తే, ఆమె నా వెంట రాలేదు. చెలిమె పక్కన పొడి ఇసుకలో ఇంకో గుంత తీస్తోంది. నేను చూపించినట్టే, చెయ్యి లోపలికి పెట్టి, అడుగు తగులుతోందా అని చూసుకుంటోంది. మళ్ళీ తీస్తోంది. మళ్ళీ చూసుకుంటోంది.

నేను పిలవలేదు. నీళ్ళు తీసుకుని బంగ్లాకు వెళ్ళిపోయాను.